యూదులను బ్రిటన్ కొలబద్దతో చూసిన ఉద్యమం: ఐరిష్ రిపబ్లికన్ రాజకీయాల్లో ఒక పాత చిక్కు

సంక్షిప్తంగా: ఐరిష్ రిపబ్లికన్ వాదం పుట్టుకతోనే యూదు వ్యతిరేకమన్న మాట గానీ, వలస పాలనను ఎదిరించిన ఉద్యమంలో అలాంటి ద్వేషానికి చోటే లేదన్న మాట గానీ చరిత్ర ముందు నిలవదు. 1899 నుంచి నేటి దాకా ఆ ఉద్యమం యూదులను ఎక్కువగా చూసింది వారు బ్రిటన్‌కు ఎంత దగ్గర, ఎంత దూరం అన్న లెక్కతోనే. ఆ లెక్క ఒకప్పుడు ద్వేషానికి, మరొకప్పుడు స్నేహానికి, 1967 తర్వాత పాలస్తీనా పక్షపాతానికి దారితీసింది. ఐర్లాండ్‌లోనే బతుకుతున్న కొద్దిమంది యూదుల గోడు మాత్రం ఏ దశలోనూ పెద్దగా లెక్కలోకి రాలేదు.

ఒక పార్కు పేరు మీద పేచీ

2025 నవంబరు చివర్లో డబ్లిన్ నగర పాలక మండలి ముందుకు వచ్చిన ఒక ప్రతిపాదన అంతర్జాతీయ వార్త అయింది. నగరానికి దక్షిణాన రాత్‌గర్‌లో ఉన్న హెర్జోగ్ పార్కుకు ఆ పేరు తీసేయాలన్నది ఆ ప్రతిపాదన. 1995లో ఆ పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ ఖైమ్ హెర్జోగ్ 1918లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, డబ్లిన్‌లో పెరిగి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత ఇజ్రాయెల్ సైనిక గూఢచార విభాగానికి అధిపతిగా, 1983 నుంచి 1993 వరకు ఆ దేశాధ్యక్షుడిగా వ్యవహరించారు. ఇప్పటి ఇజ్రాయెల్ అధ్యక్షుడు ఐజాక్ హెర్జోగ్ ఆయన కుమారుడే. గాజా యుద్ధం నేపథ్యంలో అలాంటి వ్యక్తి పేరు ఒక ప్రజా స్థలానికి ఉండటం తగదని పేరు మార్పు కోరినవారు వాదించారు. ఐర్లాండ్ యూదుల చరిత్రకు నగరంలో మిగిలిన కొద్దిపాటి గుర్తుల్లో ఒకదాన్ని చెరిపేస్తున్నారని యూదు సంఘాలు అభ్యంతరం తెలిపాయి. ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలని ప్రధాని మిహాల్ మార్టిన్ కోరారు. చివరికి విధానపరమైన లోపాలున్నాయంటూ దాన్ని మళ్లీ కమిటీకి పంపారు.

అదే పేరులో ఒక పక్షం ఇజ్రాయెల్ సైనికాధికారిని చూసింది, మరో పక్షం డబ్లిన్ రబ్బీ (యూదు మత గురువు) గారి అబ్బాయిని చూసింది. రెండూ నిజమే కాబట్టే పేచీ తెగలేదు. ఇలాంటి సందర్భం వచ్చిన ప్రతిసారీ ఐరిష్ రిపబ్లికన్ సంప్రదాయంలో యూదు వ్యతిరేకత ఎంత అన్న ప్రశ్న పైకి వస్తోంది. ఇక్కడ రిపబ్లికన్లంటే అమెరికా పార్టీ వారు కాదు. బ్రిటిష్ కిరీటంతో అన్ని బంధాలూ తెంచుకుని, ఉత్తర ఐర్లాండ్‌తో సహా ద్వీపమంతా ఒకే గణతంత్రం కావాలని కోరేవారు. రాజకీయంగా షిన్ ఫేన్ పార్టీ, సాయుధంగా ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) ఈ ధారకు ప్రధాన రూపాలు. తెలుగువారికి ఈ ఉద్యమంతో ఒక పాత పరిచయం కూడా ఉంది. తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1913 నుంచి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఈ వర్గాలతో సన్నిహితంగా మెలిగి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

పారిస్ నుంచి, ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన సరుకు

షిన్ ఫేన్ స్థాపకుడు ఆర్థర్ గ్రిఫిత్ 1899లో 'యునైటెడ్ ఐరిష్‌మన్' వారపత్రికకు సంపాదకుడయ్యారు. ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చిన డ్రేఫస్ వ్యవహారం అప్పుడు పతాక స్థాయిలో ఉంది. గూఢచర్యం చేశాడన్న తప్పుడు ఆరోపణతో శిక్ష పడిన ఆ యూదు సైనికాధికారికి వ్యతిరేకంగా గ్రిఫిత్ పత్రిక నిలబడింది. ఆ ఏడాది సెప్టెంబరులో అది గడుస్తున్న శతాబ్దపు మూడు దుష్టశక్తులుగా సముద్రపు దొంగను, రహస్య సంఘ సభ్యుడైన ఫ్రీమేసన్‌ను, యూదుణ్ణి ఒకే వరుసలో నిలిపింది. రిపబ్లికన్ వర్గాల్లో ఎంతో పేరున్న మాడ్ గాన్ కూడా పారిస్‌లోని తీవ్ర జాతీయవాదులతో సాహచర్యం వల్ల ఇవే అభిప్రాయాలను పెంచుకున్నారు.

ఈ సరుకులో ఐర్లాండ్‌లో తయారైనది తక్కువ. గ్రిఫిత్ 1897–98లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో ఉండి వచ్చారు. 1899 అక్టోబరులో బోయర్ యుద్ధం మొదలైనప్పుడు, బంగారు గనుల యజమానుల కోసమే బ్రిటన్ ఈ యుద్ధానికి దిగిందని, ఆ యజమానుల్లో యూదు ధనికులు ముఖ్యులని ఐరోపా అంతటా ప్రచారం సాగింది. ఇంగ్లండ్‌లో సామ్రాజ్యవాదాన్ని విమర్శించిన జె.ఎ. హాబ్సన్ వంటి మేధావి కూడా ఈ మాటే రాశారు. బోయర్లను, అంటే డచ్ మూలాలున్న అక్కడి శ్వేతజాతి వారిని, తమలాగే బ్రిటన్ చేత అణగదొక్కబడుతున్న రైతులుగా చూసిన ఐరిష్ జాతీయవాదులకు ఈ వాదన ఇట్టే అతికింది. సామ్రాజ్యం వెనుక డబ్బు ఉంది, డబ్బు వెనుక యూదులు ఉన్నారు, కనుక యూదులు బ్రిటన్ పక్షం. ఈ మూడు మెట్ల తర్కంలో మూడోది మొదటి రెండింటి నుంచి రాదని అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ.

లిమరిక్: ఉద్యమపు ఆయుధం బలహీనుల మీదికి

ఆ తర్కానికి వీధిలో పరీక్ష 1904లో లిమరిక్‌లో ఎదురైంది. రష్యా సామ్రాజ్యంలోని లిథువేనియా నుంచి వచ్చి ఆ పట్టణంలోని కొలూనీ వీధిలో స్థిరపడిన కొన్ని పదుల యూదు కుటుంబాలు ఇంటింటికీ తిరిగి బట్టలు, గృహోపకరణాలు అరువు మీద అమ్మి, వారం వారం వాయిదా వసూలు చేసుకునేవి. పేద కార్మికుల ఇళ్లకు ఈ అరువే ఆధారం, ఈ అరువే చికాకు. ఆ జనవరిలో రిడెంప్టరిస్ట్ మఠానికి చెందిన ఫాదర్ జాన్ క్రీ తన ప్రార్థన సమాజంలోని వేలమంది పురుషుల ముందు ప్రసంగిస్తూ, యూదులు రక్తం పీల్చే వ్యాపారులని, వారితో లావాదేవీలు మానేయాలని పిలుపునిచ్చారు. క్రైస్తవ పిల్లలను యూదులు చంపేవారన్న మధ్యయుగపు అభాండాన్నీ అందులో కలిపారు.

ఆ తర్వాత పాత బాకీలు కట్టడం మానేశారు, కొత్త బేరాలు ఆగిపోయాయి, వసూలుకు వెళ్లినవారి మీద రాళ్లు పడ్డాయి. రబ్బీ ఎలియాస్ లెవిన్ మీద రాయి విసిరినందుకు పదిహేనేళ్ల కుర్రాడొకడికి నెల రోజుల జైలు పడితే, విడుదలై వచ్చిన రోజు జనం స్వాగతం పలికారు. బహిష్కరణ దాదాపు రెండేళ్లు నడిచింది. 1905 నాటి పోలీసు నివేదిక ప్రకారం 8 కుటుంబాలు ఊరు విడిచాయి. వాటిలో 5 వెళ్లిపోవడానికి నేరుగా ఈ ఆందోళనే కారణం. సంఖ్య చిన్నదే కానీ మిగిలిన కుటుంబాల్లో చాలావరకు కూడా చితికిపోయాయి.

గ్రిఫిత్ పత్రిక ఫాదర్ క్రీని సమర్థించింది. యూదుణ్ణి బహిష్కరించింది యూదుడైనందుకు కాదని, వడ్డీ పిశాచి అయినందుకని దాని వాదన. దీన్ని గట్టిగా ఎదిరించినది మైకేల్ డావిట్. ఈ ఎదిరింపులో ఒక చారిత్రక వైచిత్రి ఉంది. భూస్వాములను, వారి ఏజెంట్లను వెలివేసే పద్ధతిని 1880లో మేయో జిల్లాలో ప్రపంచ ప్రసిద్ధం చేసిన ల్యాండ్ లీగ్‌కు స్థాపకుడు డావిటే. బలవంతుల మీద ప్రయోగించడానికి తాము పదును పెట్టిన ఆయుధాన్ని పొట్ట చేతపట్టుకుని వచ్చిన శరణార్థుల మీదికి తిప్పడాన్ని ఆయన సహించలేదు. 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో యూదుల హత్యాకాండ జరిగిన చోటికి స్వయంగా వెళ్లి వచ్చిన మనిషి ఆయన.

అయితే ఆ పర్యటన గురించి రాసిన పుస్తకం ముందుమాటలోనే డావిట్ ఒక మినహాయింపు పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా యుద్ధానికి కారకులైన ధనస్వాముల మీద రాజకీయ పోరాటంగా సాగే యూదు వ్యతిరేకతతో తనకు పేచీ లేదన్నది దాని సారం. యూదుల పక్షాన ఆ తరంలో అందరికంటే ధైర్యంగా నిలబడిన ఐరిష్ నేతకే ఈ మినహాయింపు సహజంగా తోచిందంటే ఆ భావన గాలిలో ఎంతగా కలిసిపోయి ఉందో ఊహించవచ్చు.

ఉద్యమం లోపలి యూదులు

దీనికి సమాంతరంగా మరో చరిత్ర నడిచింది. 1902 డబ్లిన్ మునిసిపల్ ఎన్నికల్లో సోషలిస్టు రిపబ్లికన్ జేమ్స్ కనోలీ తరఫున తూర్పు ఐరోపా యూదుల యిడ్డిష్ భాషలో కరపత్రం వెలువడింది. యూదు ఓటర్లను వారి భాషలోనే పలకరించిన ఐరిష్ అభ్యర్థి అప్పటికి అరుదు. చిత్రకారిణి ఎస్టెల్లా సోలమన్స్ రిపబ్లికన్ మహిళా దళంలో చేరి, పరారీలో ఉన్న కార్యకర్తలకు తన స్టూడియోలో ఆశ్రయమిచ్చారు. లిథువేనియాలో పుట్టిన న్యాయవాది మైకేల్ నోయిక్ సైనిక కోర్టుల్లో ఐఆర్ఏ ఖైదీల తరఫున వాదించారు. ఇదే నోయిక్ గ్రిఫిత్‌కు ఆప్తమిత్రుడు కావడం, గ్రిఫిత్ రాతల్లోని పాత కరుకుదనం తర్వాతి సంవత్సరాల్లో తగ్గడం గమనించదగ్గవి. పాత రాతలను ఆయన బహిరంగంగా ఖండించుకున్నారని మాత్రం చెప్పలేం.

అందరికంటే ప్రముఖుడు రాబర్ట్ బ్రిస్కో. 1894లో డబ్లిన్‌లో లిథువేనియా మూలాలున్న కుటుంబంలో పుట్టిన ఆయన స్వాతంత్ర్య యుద్ధంలో ఐఆర్ఏ నేత మైకేల్ కాలిన్స్ ఆదేశంపై జర్మనీ నుంచి ఆయుధాలు చేరవేశారు. ఉత్తర ఐర్లాండ్‌ను బ్రిటన్ కిందే ఉంచి, మిగిలిన ఐర్లాండ్‌కు కిరీటం కింద స్వపాలన ఇచ్చిన 1921 ఒప్పందాన్ని వ్యతిరేకించారు. తర్వాత ప్రధాని అయిన డి వలేరాతో కలిసి ఫియానా ఫాయిల్ పార్టీ స్థాపనలో పాల్గొన్నారు. 1927 నుంచి 1965 వరకు పార్లమెంటు సభ్యుడిగా, రెండుసార్లు డబ్లిన్ మేయర్‌గా పనిచేశారు. ఖైమ్ హెర్జోగ్ తండ్రి, ఐర్లాండ్ ప్రధాన రబ్బీ ఐజాక్ హెర్జోగ్ అయితే 'షిన్ ఫేన్ రబ్బీ'గా పేరు పొందారు. డి వలేరా ఆయన మిత్రుడు.

ఈ పేర్ల జాబితా చూపి ఉద్యమంలో ద్వేషం లేదని నిరూపించడం పరిపాటి. ఆ నిరూపణ అంత గట్టిది కాదు. 1926లో డబ్లిన్, లిమరిక్‌లలో వడ్డీ వ్యాపారుల మీద ఐఆర్ఏ దాడులు చేసి ఖాతా పుస్తకాలు ఎత్తుకెళ్లినప్పుడు బాధితుల్లో చాలామంది యూదులే. తాము మతాన్ని చూడలేదని ఐఆర్ఏ చెప్పుకొంది, బహుశా అది నిజాయతీగానే నమ్మి ఉండవచ్చు కూడా. అధిక వడ్డీ సమస్యను చట్టంతో పరిష్కరించే పని మాత్రం బ్రిస్కో తలకెత్తుకున్నారు. 1933 నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఆయన చొరవతో వచ్చిందే.

బెర్లిన్‌కు వెళ్లిన ప్రధాన సేనాని

నేటికీ షిన్ ఫేన్‌ను ఇబ్బంది పెట్టే అధ్యాయం షాన్ రసెల్‌ది. 1939లో ఇంగ్లండ్ నగరాల్లో బాంబు దాడులకు ఆదేశించిన ఈ ఐఆర్ఏ ప్రధాన సేనాని, ఆ తర్వాత అమెరికా మీదుగా 1940లో బెర్లిన్ చేరారు. ఆయుధాలకు, సహకారానికి నాజీ ప్రభుత్వంతో మాట్లాడుకుని, జలాంతర్గామిలో ఐర్లాండ్‌కు తిరిగి వస్తూ ఆగస్టు 14న ఓడలోనే కడుపు పుండు పగిలి మరణించారు. అదే జలాంతర్గామిలో ఆయన పక్కన ఫ్రాంక్ ర్యాన్ ఉన్నారు. ర్యాన్ స్పెయిన్‌లో ఫ్రాంకోకు, అంటే హిట్లర్ మిత్రుడికి, వ్యతిరేకంగా పోరాడి ఖైదైన వామపక్ష రిపబ్లికన్. ఇద్దరు భిన్న ధ్రువాల మనుషులను ఒకే జర్మన్ ఓడలో కూర్చోబెట్టింది ఇంగ్లండ్ కష్టమే ఐర్లాండ్‌కు అవకాశం అన్న పాత సూత్రం.

ఇక్కడ భారతీయులకు సుభాష్ చంద్రబోస్ గుర్తుకు రావడం సహజం. ఆయన 1936లో డబ్లిన్ వెళ్లి డి వలేరాను కలిశారు, 1941లో బెర్లిన్ చేరారు. శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్క ఇద్దరిదీ ఒకటే. రసెల్‌కు సిద్ధాంతమంటూ పెద్దగా లేదని, ఆయన నాజీ కాదని, బ్రిటన్‌తో పోరాడే ఎవరి దగ్గరికైనా వెళ్లి ఉండేవారని ఆయన సమర్థకులు చెప్పేదాన్ని చాలావరకు ఒప్పుకోవచ్చు. కానీ సంస్థ అక్కడితో ఆగలేదు. 1940లో ఐఆర్ఏ రహస్యంగా పంచిన 'వార్ న్యూస్' పత్రం జర్మన్ విజయాలను స్వాగతించడమే కాక యూదుల మీద బాహాటంగా విషం కక్కింది. ఆయుధాల బేరానికి ఆ రాతలు అవసరం లేదు. ఎత్తుగడగా మొదలైన మైత్రి మిత్రుడి ద్వేషాన్ని కూడా అరువు తెచ్చుకునే స్థితికి ఎంత త్వరగా జారుతుందో ఆ పత్రం చూపిస్తుంది.

డబ్లిన్‌లోని ఫెయిర్‌వ్యూ పార్కులో 1951లో రసెల్ విగ్రహం వెలిసింది. కొద్ది కాలానికే దాని చేయి విరగ్గొట్టారు. 2004 చివర్లో తల నరికారు. 2009లో కంచుతో కొత్త విగ్రహం పెట్టారు. 2003లో అక్కడ జరిగిన సంస్మరణ సభలో, తర్వాత షిన్ ఫేన్ అధ్యక్షురాలైన మేరీ లూ మెక్‌డొనాల్డ్ ప్రసంగించారు. ప్రత్యర్థులు ఆ ప్రసంగాన్ని ఇప్పటికీ ఎత్తి చూపుతుంటారు. అమరుల వరుసలో ఒక్కరిని తీసేస్తే వరుసంతా ప్రశ్నార్థకమవుతుందన్న భయం సాయుధ ఉద్యమాల వారసులందరికీ ఉంటుంది. రసెల్ విషయంలో పార్టీ మౌనానికి ఆ భయమే ప్రధాన కారణంగా కనిపిస్తుంది.

చర్చి, ప్రభుత్వం: అసలు హాని ఎక్కడ జరిగింది

రిపబ్లికన్ల మీదే దృష్టి పెడితే ఒక సంగతి మరుగున పడుతుంది. 20వ శతాబ్దపు ఐర్లాండ్‌లో యూదు వ్యతిరేకతకు పెద్ద ఊట క్యాథలిక్ తీవ్ర సంప్రదాయవాదం. ఫాదర్ డెనిస్ ఫాహీ రాతలు దానికి నమూనా. 1943 జులైలో పార్లమెంటులో నిలబడి, జర్మనీ యూదులను తరిమినట్టు ఇక్కడా తరమాలన్న అర్థంలో మాట్లాడిన ఆలివర్ ఫ్లానగన్ రిపబ్లికన్ కాదు. ఆ తర్వాత ఆయన ఫిన గేల్ పార్టీలో చేరి రక్షణ మంత్రి కూడా అయ్యారు. 1933 నుంచి 1939 వరకు బెర్లిన్‌లో ఐర్లాండ్ దౌత్యవేత్తగా ఉన్న చార్ల్స్ బ్యూలీ యూదుల పట్ల తన ద్వేషాన్ని దాచుకోలేదు. నాజీల నుంచి పారిపోతున్న యూదుల్లో ఐర్లాండ్ ఆశ్రయమిచ్చినది అతి కొద్దిమందికే. 2003లో దేశంలో తొలిసారి జరిపిన హోలోకాస్ట్ (నాజీల యూదు సంహారం) స్మారక దినాన న్యాయశాఖ మంత్రి మైకేల్ మెక్‌డోవెల్ ఇందుకు క్షమాపణ చెప్పారు.

ఆ కాలంలో పాలించినది మాత్రం తనను తాను రిపబ్లికన్ పార్టీగా పిలుచుకున్న ఫియానా ఫాయిలే. నాజీ జర్మనీ యూదుల పౌరసత్వ హక్కులను రద్దు చేసిన రెండేళ్లకు, 1937లో, డి వలేరా తెచ్చిన రాజ్యాంగం యూదు సమాజాలను పేరు పెట్టి గుర్తించింది. యుద్ధం ముగిశాక అనాథలైన యూదు పిల్లలను తీసుకోవడానికి న్యాయశాఖ నిరాకరిస్తే డి వలేరా కలగజేసుకున్నారు. సుమారు వందమంది పిల్లలు 1948లో వెస్ట్‌మీత్‌లోని క్లోనిన్ కోటకు చేరారు. అదే డి వలేరా 1945 మే 2న, హిట్లర్ మరణ వార్త వినగానే, జర్మన్ రాయబారి ఇంటికి వెళ్లి సంతాపం తెలిపారు. తటస్థ దేశపు మర్యాదగా చేశానన్నారు. బ్రిటన్ ఒత్తిడికి లొంగలేదని చూపించుకోవాలన్న పంతం ఇక్కడ వివేకాన్ని మింగేసింది.

పాలస్తీనా వైపు మలుపు

1940లలో చాలామంది ఐరిష్ రిపబ్లికన్లకు జియోనిస్టులు, అంటే పాలస్తీనాలో యూదు రాజ్యం కోరినవారు, తోటి తిరుగుబాటుదారులు. 1938లో జియోనిస్టు నేత జబొటిన్‌స్కీ డబ్లిన్ వచ్చి బ్రిస్కో సాయంతో డి వలేరాను కలిశారు. పాలస్తీనాలో బ్రిటన్‌పై సాయుధ పోరాటం చేసిన లేహీ దళ నేత, తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన యిట్జాక్ షమీర్ తన రహస్య నామం 'మైకేల్' అని పెట్టుకున్నది మైకేల్ కాలిన్స్ స్ఫూర్తితోనే. అయినా 1948 తర్వాత ఐర్లాండ్ ఇజ్రాయెల్‌ను ఆచరణలో 1949లో, చట్టబద్ధంగా 1963లో మాత్రమే గుర్తించింది. జెరూసలేం పవిత్ర స్థలాలపై వాటికన్ వైఖరి, దేశ విభజన అంటేనే ఐరిష్ వారికి ఉన్న ఏవగింపు ఇందుకు కారణాలు.

1967 యుద్ధంతో బొమ్మ తిరగబడింది. వెస్ట్ బ్యాంక్, గాజాలను ఆక్రమించిన దేశంగా ఇజ్రాయెల్ కనిపించసాగింది. 1969లో ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. తనిఖీ కేంద్రాలు, విచారణ లేని నిర్బంధం, కర్ఫ్యూల మధ్య పెరిగిన రిపబ్లికన్ యువతకు పాలస్తీనా దూరదేశంగా తోచలేదు. 17వ శతాబ్దంలో ఐర్లాండ్ ఉత్తర ప్రాంతమైన అల్స్టర్‌లో బ్రిటన్ స్థిరపరచిన సెటిలర్లకు, వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లకు మధ్య పోలిక వారికి చెప్పకుండానే అర్థమైంది. జెరూసలేం బ్రిటిష్ గవర్నర్ రొనాల్డ్ స్టోర్స్ స్వయంగా, అరబ్బుల మధ్య బ్రిటన్‌కు విధేయంగా ఉండే చిన్న యూదు అల్స్టర్ ఏర్పడుతుందని ఆశించిన సంగతిని రిపబ్లికన్లు నేటికీ ఉటంకిస్తారు. 1980ల ఆరంభంలో బెల్‌ఫాస్ట్ గోడల మీద ఐఆర్ఏ, పాలస్తీనా విమోచన సంస్థ యోధులు ఒకే ఆయుధాన్ని పట్టుకున్న చిత్రాలు వెలిశాయి. 2009లో జెరీ ఆడమ్స్ గాజా వెళ్లి హమాస్ నేత ఇస్మాయిల్ హనియేను కలిశారు.

ఈ సానుభూతి రిపబ్లికన్ల సొత్తు మాత్రమే అనుకుంటే పొరపాటే. పాలస్తీనా రాజ్యం ఏర్పడాలని 1980లోనే ఐరోపా సముదాయంలో అందరికంటే ముందు ప్రకటించినది డబ్లిన్ ప్రభుత్వం. లెబనాన్‌లో 1978 నుంచి ఐరాస శాంతి దళంలో ఉన్న ఐరిష్ సైనికుల్లో కొందరిని ఇజ్రాయెల్ అండ ఉన్న మిలీషియా చంపింది. ఆ జ్ఞాపకం సాధారణ గ్రామీణ కుటుంబాలదాకా పాకింది. 2024 మే 28న పాలస్తీనాను గుర్తించిన ప్రధాని సైమన్ హారిస్, 1921 ఒప్పందాన్ని సమర్థించిన ధారకు వారసురాలైన ఫిన గేల్ నేత. ఆ డిసెంబరులో ఇజ్రాయెల్ డబ్లిన్‌లోని తన రాయబార కార్యాలయాన్ని మూసేస్తూ, హారిస్‌ను యూదు వ్యతిరేకి అంది. తాము మాట్లాడేది మానవ హక్కులు, అంతర్జాతీయ చట్టం గురించేనని ఆయన బదులిచ్చారు.

జెండాలు చెప్పేది, చెప్పనిది

బెల్‌ఫాస్ట్‌లో రిపబ్లికన్ల కంచుకోట అయిన ఫాల్స్ రోడ్డు పొడవునా పాలస్తీనా జెండాలు, కొద్ది దూరంలో బ్రిటన్ అనుకూలురు ఉండే షాంకిల్ రోడ్డు వైపు ఇజ్రాయెల్ జెండాలు ఎగరడం 21వ శతాబ్దంలో మామూలు దృశ్యమైపోయింది. రెండో జెండా ఎగరేసేవారికి యూదులంటే ప్రేమ అనుకోవడానికి వీల్లేదు. బ్రిటన్ పక్షపు లాయలిస్టు ముఠాల్లో కొన్నింటికి ఇంగ్లండ్ నియో నాజీ గుంపులతో సంబంధాలు ఉండేవి. అవతలివాడు ఏ జెండా పట్టుకున్నాడో దానికి విరుద్ధమైనదాన్ని పట్టుకోవడం ఇక్కడి పద్ధతి. కాబట్టి పాలస్తీనా జెండా ద్వేషానికి రుజువు కానట్టే ఇజ్రాయెల్ జెండా స్నేహానికి రుజువు కాదు. ఆ రెండు రోడ్ల మీదా యూదులు మాత్రం దాదాపు లేరు.

యూదులు లేకపోవడమే ఈ సమస్యలో అందరూ దాటేసే కీలకాంశం. 1946 జనగణనలో దక్షిణ ఐర్లాండ్ యూదుల సంఖ్య 3,907. 2022లో 51 లక్షల జనాభాలో 2,193. బ్రిటన్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకత ఆరోపణలు వచ్చినప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లో 2 లక్షల 70 వేలకు పైగా ఉన్న యూదు సమాజానికి పత్రికలు, ఎంపీలు, పార్టీ లోపలే యూదు సభ్యుల సంఘం ఉన్నాయి. 2020 అక్టోబరులో సమానత్వ కమిషన్ ఆ పార్టీ చట్టవిరుద్ధంగా వ్యవహరించిందని తేల్చింది. ఐర్లాండ్‌లో అలాంటి ఒత్తిడి తెచ్చే సంఖ్యాబలం యూదులకు లేదు. ఒక పార్టీ తప్పు చేసినా దిద్దుకోవలసిన ఎన్నికల అవసరం పడదు. 2020లో షిన్ ఫేన్ తరఫున కిల్డేర్ నార్త్ నుంచి ఎన్నికైన సభ్యురాలి పాత ట్వీట్లలో హిట్లర్ గురించి, ఇజ్రాయెల్ గూఢచార సంస్థ గురించి కుట్ర కథలు బయటపడ్డాయి. ఆమె క్షమాపణ చెప్పారు, విషయం కొద్దిరోజుల్లోనే సద్దుమణిగింది.

నిర్వచనాల పేచీ, రేపటి చిక్కులు

ప్రస్తుత వివాదం చాలావరకు గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో ఆమోదించిన నిర్వచనానికి జతచేసిన 11 ఉదాహరణల్లో 7 ఇజ్రాయెల్‌తో ముడిపడినవి. ఇజ్రాయెల్‌ను నాజీ జర్మనీతో పోల్చడం వాటిలో ఒకటి. ఇది రాజకీయ విమర్శ గొంతు నొక్కుతుందన్న విద్వాంసులు 2021లో జెరూసలేం ప్రకటన పేరుతో మరో నిర్వచనం ఇచ్చారు. షిన్ ఫేన్‌తో సహా వామపక్షాలకు రెండోదాని పట్ల మొగ్గు. 2025 జనవరిలో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వ కార్యక్రమ పత్రం మాత్రం మొదటిదాన్ని అమలు చేస్తామని రాసుకుంది. ఆ నెలలోనే డబ్లిన్ హోలోకాస్ట్ స్మారక సభలో అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ గాజా ప్రస్తావన తెచ్చినప్పుడు కొందరు యూదులు నిరసన తెలిపారు. వారిలో కొందరిని బయటికి తీసుకెళ్లారు. చనిపోయినవారిని తలచుకునే సభలో కూడా తమను ఇజ్రాయెల్‌తో కలిపే పలకరిస్తున్నారన్నది వారి ఆరోపణ. మానవ హక్కులన్నీ ఒకటేనని మాట్లాడటమే హోలోకాస్ట్ పాఠమన్నది హిగిన్స్ సమర్థకుల వాదన.

రిపబ్లికన్ వాదులు ఇజ్రాయెల్‌పై చేసే విమర్శలో అధికభాగం ఆక్రమణ, పౌరుల మరణాలు, అంతర్జాతీయ చట్టం చుట్టూ తిరుగుతుంది. దాన్ని యూదు వ్యతిరేకత అనడానికి ఆధారం లేదు. అది గీత దాటేది రెండు చోట్ల. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలను యూదుల డబ్బు ఆడిస్తోందన్న మాట వచ్చినప్పుడు 1899 నాటి గ్రిఫిత్ తర్కమే కొత్త వేషంలో తిరిగి వస్తుంది. డబ్లిన్‌లోని ఒక యూదు విద్యార్థినో దుకాణదారునో ఇజ్రాయెల్ చర్యలకు సంజాయిషీ చెప్పమన్నప్పుడు లిమరిక్‌లో బోయర్ యుద్ధపు ధనస్వాములకు బదులు బట్టల వ్యాపారిని శిక్షించిన పొరపాటే మళ్లీ జరుగుతుంది.

మరోవైపు, ఐరిష్ త్రివర్ణ పతాకాన్నే పట్టుకుని వలసదారులకు వ్యతిరేకంగా వీధుల్లోకి వస్తున్న తీవ్ర మితవాద గుంపులు 2023 నవంబరు డబ్లిన్ అల్లర్ల తర్వాత బలం చూపిస్తున్నాయి. వీరి దృష్టిలో షిన్ ఫేన్ ద్రోహుల పార్టీ. జనాభాను మార్చేసే కుట్ర జరుగుతోందన్న వీరి ప్రచారంలో పాత తరహా యూదు వ్యతిరేకత తరచూ తొంగిచూస్తుంది. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయులపై వరుస దాడులు జరిగిన తర్వాత అక్కడి తెలుగు ఉద్యోగుల కుటుంబాలు ఈ వాతావరణాన్ని దగ్గరగా గమనిస్తున్నాయి. రిపబ్లికన్ వామపక్షం ఈ గుంపులను గట్టిగానే ఎదుర్కొంటోంది. జాతి వివక్షకు వ్యతిరేకంగా తమ చరిత్ర మచ్చలేనిదన్న నమ్మకం కూడా ఆ పోరాటంతోనే బలపడుతోంది, అదే నమ్మకం యూదుల ఫిర్యాదు చెవిన పడకుండా అడ్డుపడుతోంది.

రాజకీయ పర్యవసానాలు డబ్లిన్‌లో కంటే బెల్‌ఫాస్ట్‌లో, వాషింగ్టన్‌లో ముందు కనిపించవచ్చు. ఐక్య ఐర్లాండ్ కోసం ప్రజాభిప్రాయ సేకరణ కోరుతున్న షిన్ ఫేన్, కొత్త దేశంలో మైనారిటీలు భద్రంగా ఉంటారని బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్ యూనియనిస్టులను ఒప్పించాలి. ద్వీపంలోని అతి చిన్న మైనారిటీల్లో ఒకటైన యూదుల అనుభవాన్ని యూనియనిస్టులు ఆ హామీకి పరీక్షగా వాడుకోవడం ఇప్పటికే మొదలైంది. అమెరికా కంపెనీల పెట్టుబడుల మీద ఆధారపడిన ఆర్థిక వ్యవస్థలో, ఆక్రమిత ప్రాంతాల ఉత్పత్తుల దిగుమతిని నిషేధించే బిల్లు 2018 నుంచి నలుగుతూ వస్తోంది. అది ఏ రూపంలో చట్టమైనా అమెరికన్ కాంగ్రెస్‌లో ఐర్లాండ్‌పై యూదు వ్యతిరేకత ముద్ర వేసే ప్రయత్నాలు పెరుగుతాయి. రేపు షిన్ ఫేన్ ప్రభుత్వం ఏర్పడితే, ప్రతిపక్షంలో ఉండగా తాను ఇష్టపడని నిర్వచనం ప్రకారమే పోలీసులకు, పాఠశాలలకు మార్గదర్శకాలు జారీ చేయాలా, దాన్ని మార్చి అంతర్జాతీయ గొడవను కొనితెచ్చుకోవాలా అన్నది తేల్చుకోవాలి. ఫెయిర్‌వ్యూ పార్కులో రసెల్ సంస్మరణకు ఆ ప్రభుత్వపు మంత్రులెవరైనా వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న కూడా అప్పుడు పార్టీ చరిత్ర విభాగంతో తేలేది కాదు, విదేశాంగ శాఖ బల్ల మీదికి వస్తుంది.